పెళ్ళి క్యాసెట్లలో పాత బజారు

పలాస బజారు వీధిలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు దోర్కాస్ ఫోటో స్టూడియో ముందు సగం పోయింది. మిగిలిన సగంలో ఆమె పాత నెగటివ్‌లు ముందేసుకుని కూర్చుంది. అరవయ్యేళ్ళ మనిషి, తండ్రి నేర్పిన పని నలభై ఏళ్ళుగా చేస్తోంది. కూల్చేసిన కొట్లను ఒక్కొక్కటే ఫోటోల్లో వెతికి, ఏది ఎక్కడుండేదో పెద్ద అట్ట మీద వరసగా అతికించడం మొదలుపెట్టింది. చర్చిలో ఎవరు పలకరించినా ఆమెకు అదే మాట.

ఒకరోజు దాలమ్మ వచ్చి ఆ అట్ట చూసింది. ఉద్దానం తీరం నుంచి ఎండు నెత్తళ్ళు తెచ్చి, ఆ వీధి మలుపులో పాతికేళ్ళకు పైగా అమ్మిన మనిషి. కొత్త మార్కెట్లో పాత వ్యాపారులకు చోటిస్తున్నారు గానీ, తాను అక్కడ కూర్చున్నట్టు ఆమె దగ్గర ఏ కాగితమూ లేదు. దోర్కాస్ డబ్బాలన్నీ వెతికింది. స్టూడియోకి వచ్చేవాళ్ళు ముఖాలు తీయించుకుంటారు గానీ వీధి మలుపులు తీయించుకోరు కదా.

అప్పుడు పెళ్ళి ఊరేగింపులు గుర్తొచ్చాయి. అవన్నీ ఆ మలుపు మీదుగానే వెళ్ళేవి. అప్పట్లో వాటి వీడియోలు తీసిన హరిబాబు టెక్కలిలో ఉంటాడు. ఫోన్ చేస్తే, క్యాసెట్లు పారేయలేదన్నాడు. మర్నాడే ఆడవాళ్ళిద్దరూ బస్సెక్కారు.

మొదటి రెండు క్యాసెట్లు బూజుపట్టి గీతలే చూపించాయి. మూడోదానిలో బ్యాండు మోగింది. పెళ్ళికొడుకు కారు వెనక జీడిపప్పు కొట్టూ, తాళాల కొట్టూ, స్టూడియో పాత బోర్డూ మెల్లగా కదిలొచ్చాయి. దోర్కాస్ కుర్చీ అంచుకి జరిగింది.

"ఆపు, హరిబాబూ. ఒకపాలి ఎనక్కి తిప్పు. ఆ మూల సూడు."

వీడియో లైటుకి కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, గంప ముందు ఒక పడుచు నవ్వుతోంది. తెర అడుగున తేదీ ఉంది: 1998 మే.

దాలమ్మ లేచి టీవీ దాకా వెళ్ళింది. "నానే, దోర్కాసమ్మా. ఆ ముక్కుపుడక మా అత్తది."

మునిసిపల్ ఆఫీసులో ఆ వీడియో ముక్కను మూడుసార్లు వేయించుకుని చూశారు. ఒక గుమస్తా తన మేనమామ కొట్టుని గుర్తుపట్టి పక్క గదిలో వాళ్ళందరినీ పిలిచాడు. నెల తిరక్కుండా దాలమ్మకు కొత్త మార్కెట్ గేటు పక్కన చోటొచ్చింది.

హరిబాబు మిగతా పంతొమ్మిది క్యాసెట్లు దోర్కాస్‌కే ఇచ్చేశాడు. ఇచ్ఛాపురంలో ఇంకొకాయన దగ్గర ఇంతకన్నా పాతవి ఉన్నాయట. ఆమె సంచీ సర్దుకుని పొద్దుటి రైలుకి బయల్దేరింది.