గంటలు మాత్ర

మా కన్నడ సీమలోని చింతామణి ఊళ్లో ఆ రోజు పగటిపూట హరికథ. అశోకవనంలో సీత ఏడ్చే చోట పైస్థాయికి వెళ్లబోతే నా గొంతు తెగిపోయింది. గాలి వచ్చింది గానీ పాట రాలేదు. జనం భక్తితో గద్గదమైందనుకున్నారు. నేనూ అట్లాగే నటించి గట్టెక్కాను.

నెల తిరిగినా బొంగురు పోలేదు. మిరియాల కషాయం, కరక్కాయ, మా పాతపాళ్యంలో ఎవరు ఏది చెబితే అది మింగాను. దగ్గిన ప్రతిసారీ గుడ్డలో ఎరుపు ఉందేమోనని చూసుకునేవాణ్ణి. టీబీ అన్న మాట ఇంట్లో ఎవరినీ అననిచ్చేవాణ్ణి కాదు. చివరికి మా అక్క సుబ్బమ్మే నన్ను బొగ్గుతో నడిచే బస్సు ఎక్కించి చిక్కబళ్లాపురం ఆసుపత్రికి తీసుకుపోయింది. భర్త పోయాక ఆమె మాతోనే ఉండేది.

అక్క గురించి ఇక్కడే చెప్పాలి. నా కథల్లో జనం మళ్లీ మళ్లీ అడిగి పాడించుకునే పాటలన్నీ ఆమె రాగులు విసురుతూ కట్టినవి. పాట చివర కట్టినవాళ్ల పేరు పెట్టడం మా వాడుక. అక్కడ "నరసప్ప" అని నా పేరు పెట్టుకున్నాను. ఆమె ఏమీ అనలేదు. అనలేదు గదా అని నేనూ అడగలేదు.

డాక్టరు నుదుటికి అద్దం కట్టుకుని నా నాలుక పట్టి లాగి చూశాడు. స్పూటం టెస్ట్, అంటే కఫం పరీక్ష, రాశాడు. రెండు రోజుల తర్వాత పోతే తెర ఇవతల బెంచీ మీద కూర్చోమన్నారు. అక్క నీళ్లకు వెళ్లింది. తెర అవతల డాక్టరు నా పేరు చదివి నర్సుతో అన్నాడు: "గంటలు మాత్ర."

ఇక నాకు మిగిలింది కొన్ని గంటలు మాత్రమే! ఆ తర్వాత ఆయనేమన్నాడో వినబడలేదు. అక్క చెంబుతో రాగానే చెయ్యి పట్టుకుని, ఉన్న గొంతుతో చెప్పేశాను.

"అక్కా, ఆ పాటలు నీవి. దొంగతనం చేసినా. మన్నించు."

"ఇప్పుడేమొచ్చిందిరా నీకు?"

"ఇంక గంటలేనంట. డాక్టరు అంటాండాడు."

అక్క తెర తొలగించి అడిగొచ్చింది. నవ్వాలో కొట్టాలో తెలియని మొహం.

"కన్నడంలో గంటలంటే గొంతు గదరా! రోగం గొంతులో మాత్రమే ఉండాదంట. రొమ్ము బాగుండాదంట, టీబీ లేదంట."

నాకు కన్నడం రాదా? సంతలో వస్తుంది, సర్కారు కచేరీలో వస్తుంది. ఆ బెంచీ మీద రాలేదు.

వోకల్ కార్డ్స్ మీద నాడ్యూల్స్, అంటే గొంతు తీగల మీద చిన్న గడ్డలు, అన్నాడు డాక్టరు. నలభై దినాలు వాయిస్ రెస్ట్, గుసగుసలు కూడా వద్దన్నాడు. ఆ తర్వాత పాట వస్తుందో రాదో చెప్పలేనన్నాడు.

బతుకుతానన్న సంతోషం బస్సు ఎక్కేదాకా కూడా నిలవలేదు. అక్కకైతే చెప్పేశాను, ఇక నలుగురిలో చెప్పాలా? పాట రాకపోతే ఎట్లా అని ఒక భయం, వస్తే ఎట్లా అని ఇంకో భయం. ఇరవయ్యో రోజున పేరేసంద్ర నుంచి ఒక పెద్దాయన చూడవచ్చాడు.

"ఆ సీతమ్మ పాట ఎట్లా కట్టినావప్పా! నీ గొంతు యాడికీ పోదులే."

మాట్లాడకూడదు గనుక తల ఊపాను, నేనే కట్టానన్నట్టు. గడపలో నిలబడ్డ అక్క అది చూసి లోపలికి పోయింది. ఈ రోగంలో నేను పడ్డ బాధంతా ఒకెత్తు, ఆ తలాడింపు ఒకెత్తు.

గొంతు ముప్పాతిక వచ్చింది. మళ్లీ చింతామణిలోనే కథకు నిలబడ్డాను. అక్క ఆడవాళ్లలో కూర్చుంది. సీతమ్మ పాట చివరికి వచ్చాను. "నరసప్ప" ఉన్న చోట "సుబ్బమ్మ" అన్నాను. ఒక అక్షరం తగ్గినా తాళం తప్పలేదు. పొరపాటనుకుని ముందు వరసలో ఎవరో నవ్వారు. మళ్లీ పాడి, ఆ పాటలు ఎవరివో మామూలు మాటల్లో చెప్పాను. తిరిగి వచ్చేటప్పుడు అక్క ఒకటే అంది: "మూడో చరణం తొందరపడినావు."

ఇప్పుడు పైస్థాయి అందదు. వారానికి ఒక్క కథ, మధ్యలో గోరువెచ్చని నీళ్లు. ఇట్లాంటి జబ్బు వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఒకటే. డాక్టరు మాట తెర చాటు నుంచి వినకండి. ఎదురుగా నిలబడి, అర్థమయ్యేదాకా అడగండి. నేనైతే అడగలేదు. అడిగి ఉంటే అక్కకు ఆ నిజం చెప్పేవాణ్ణేనా అని ఇప్పటికీ నాకు భయమే.