ఎమ్లీన్ పిడికిలి

సోమ్ నది ఒడ్డున నీటిమర నడిపే గోబెర్ భార్య ఎమ్లీన్‌కు భయం పుట్టుకతోనే వచ్చింది. ఉరుమంటే భయం, పెద్దబాతులంటే భయం, చర్చి గోడ మీద చెక్కిన దయ్యాల సంగతి ఇక చెప్పక్కర్లేదు. భయపడితే చాలు, ఆమె కుడిచేతి పిడికిలి బిగుసుకుపోయేది. తెరవాలని తనే అనుకున్నా తెరుచుకునేది కాదు. పెళ్ళినాడు ఉంగరం తొడగడానికి పాదిరీగారు ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళు ఎన్నేళ్ళయినా ఆ సంగతి చెప్పుకుని నవ్వేవారు.

ఆ ఏడు కోతలయ్యాక శత్రువుల దండు వచ్చింది. పట్టణానికి పిండి అందకూడదని నది వెంట ఉన్న మరలన్నీ తగలబెట్టుకుంటూ వస్తోంది. దిగువ మర నుంచి పొగ లేవగానే ఊరు ఊరంతా రెల్లు పొదల్లోకి పారిపోయింది. గోబెర్ అంతకు కొన్నాళ్ళ ముందే మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అడుగు వేయలేడు. నువ్వన్నా పొమ్మని భార్యను తిట్టాడు, బతిమాలాడు. ఆమె అతన్ని పిండి పెట్టెలో పడుకోబెట్టి మూత వేసింది. అది ధైర్యమేమీ కాదు. ఒంటరిగా రెల్లులోకి పోవాలన్నా ఆమెకు భయమే.

దండుకు ముందుగా ఒక దొర వచ్చాడు, గీషార్ అని. తడిసిన పలకల వంతెన మీద గుర్రం కాలు జారడంతో, ఒంటినిండా ఇనుముతో మర కాలువలో పడ్డాడు. నీళ్ళు ఆయన్ను తిన్నగా చక్రం కిందికి ఈడ్చుకుపోతున్నాయి. ఈయన నలిగి చస్తే ఆ పాపం తన మొగుడి మెడకు చుట్టుకుంటుందని ఎమ్లీన్‌కు తోచింది. పరుగున వెళ్ళి తూము తలుపు దించేసింది. నీళ్ళు తగ్గాయి. దొర రొమ్ము లోతు బురదలో కూరుకుపోయి మిగిలాడు.

ఆయన్ను పైకి లాగుదామని ఆమె మూటలు లాగే కొక్కెం తెచ్చింది. ఒంటరిగా చిక్కిన రౌతును పల్లెవాళ్ళు ఏం చేస్తారో ఆ దొర కళ్ళారా చూసినవాడు. కొక్కెం కనపడగానే ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. దొరలకు కూడా భయం ఉంటుందని ఎమ్లీన్ అంతవరకు ఎరగదు. తెలిశాక ఆమెకు ఇంకా భయం వేసింది.

"అమ్మా, నువ్వు పెద్దింటి బిడ్డవేనా?" అన్నాడు ఆయన.

రౌతన్నవాడు మరో రౌతుకు లొంగాలి, లేదా పెద్దింటి ఆడపడుచుకు లొంగాలి. పల్లెవాళ్ళకు లొంగితే వంశానికే తలవంపులు. ఇవేవీ ఆమెకు తెలియవు. దొరలు అడిగినదానికి కాదనకూడదని మాత్రం తెలుసు.

"అవును దొరా," అంది.

లొంగిపోయానన్న గుర్తుగా ఆయన తన కుడిచేతి ఇనప తొడుగు తీసి అందించాడు. ఆమె అందుకుంది, పిడికిలి బిగుసుకుపోయింది.

ఇంతలో కాగడాలతో ఆయన మనుషులు వచ్చి ఆయన్ను బయటికి లాగారు. ఒకడు మర కప్పుకు నిప్పు పెట్టబోతే గీషార్ ఆపాడు. తాను ఈవిడకు లొంగిపోయానని, ఆవిడ తొడుగు తిరిగిచ్చి వదిలేదాకా తన మనుషులు ఈ ఇంటి గడ్డిపోచనైనా ముట్టకూడదని అన్నాడు. ఒక ముసలి భటుడు ఎమ్లీన్‌ను ఎగాదిగా చూశాడు. జుట్టు నిండా పిండే, ఈవిడ ఏ కోటకు దొరసాని అని నవ్వాడు.

"మీ నాయన డాలు మీద వంశం గుర్తు ఏముండేదమ్మా?" అని అడిగాడు.

ఆమెకు ఎదురుగా కనపడుతున్నవి మూటలే. "గోనె మూట," అంది.

అందరూ పగలబడి నవ్వారు. లోపల పెట్టెలో గోబెర్ దగ్గు ఆపుకుంటున్న చప్పుడు ఆమె ఒక్కదానికే వినిపించింది.

గీషార్ నవ్వలేదు. ఆయనకు భయం పోయి సిగ్గు మిగిలింది. చెయ్యి చాచాడు. ఆమె తన చేత్తో తొడుగు తిరిగి ఇచ్చిందా, ఆయన కట్టు తెగిపోతుంది, ఆపైన మరను, అందులో ఎవరుంటే వాళ్ళను ఏమైనా చేసుకోవచ్చు.

"ఇచ్చెయ్యమ్మా. మర్యాద తెలిసిన దొరసానులు ఇచ్చేస్తారు."

ఎమ్లీన్ ఇచ్చేద్దామనే అనుకుంది. ఇచ్చేస్తే వీళ్ళు వెళ్ళిపోతారనుకుంది. చెయ్యి ముందుకు చాచింది కూడా. వేళ్ళు విడిపడలేదు. ఎడంచేత్తో పట్టి లాగింది, రాలేదు, ఏడుపొచ్చింది. వేళ్ళు నరికితే అదే వస్తుందని ముసలి భటుడు కత్తి దూశాడు. ఆమె కళ్ళు మూసుకుంది.

గీషార్ చెయ్యెత్తి అతన్ని ఆపాడు. నరికించి లాక్కుంటే, ఆడదాని చేతిలోంచి తన మాటను దొంగిలించినవాడవుతాడు. ఈమె మరవాడి పెళ్ళామని ఒప్పుకుంటే, కొక్కేనికి జడిసి పల్లెదానికి లొంగినవాడవుతాడు. చివరికి తల వంచాడు.

"దొరసానిగారు ఇవ్వనంటున్నారు. మాట మీద నేనింకా వారి బందీనే. పదండి."

గుర్రాల చప్పుడు పూర్తిగా అణిగాక గోబెర్ పెట్టెలోంచి పాకుతూ వచ్చి, బాతు కొవ్వు రాసి ఆమె వేళ్ళు విప్పాడు. రెల్లులోంచి తిరిగొచ్చిన ఊరివాళ్ళు ఎంత గుండె నీదని మెచ్చుకున్నారు. ఇచ్చేద్దామనే అనుకున్నాను, చెయ్యే రాలేదని ఆమె అందరికీ చెప్పింది. అణకువ కొద్దీ అంటోందనుకున్నారు తప్ప ఒక్కరూ నమ్మలేదు.

ఆ తర్వాత కూడా దండులు వచ్చాయి, ఎగువనా దిగువనా మరలు కాలాయి. దొర ఇంకా ఆ ఇంటి బందీయే కనుక గోబెర్ మర జోలికి ఎవరూ రాలేదు. కానీ ఎమ్లీన్‌కు మాత్రం ఆ రోజు నుంచి కొత్త భయం పట్టుకుంది. వంతెన మీద ఏ గుర్రం డెక్క చప్పుడైనా, దొర తొడుగు కోసం వచ్చాడనుకుని పిండి పెట్టె వెనక నక్కేది. అలాగే ముసలిదైంది. చివరి జ్వరంలో పడుకుని ఉండగా వంతెన మీద ఏదో బండి పోయింది. ఆమె గోబెర్ చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"ఆయనొస్తే," అంది, "నేను ఇంట్లో లేనని చెప్పవయ్యా."