చత్వారం బాబాయి

మా ఆసుపత్రి మందుల గదిలో ఫార్మసిస్టుకు మేం పెట్టుకున్న పేరు చత్వారం బాబాయి. రోజు విడిచి రోజు ఎవరిదో ఒకరి చీటీ ఆయనకు కనపడేది కాదు. రాసిన డాక్టరే నాలుగంతస్తులు దిగొచ్చి చదివి వినిపించాలి.

"డాక్టరు బాబూ, ఒక్కసారి దిగాలి. అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి."

"నర్సమ్మ ఫోన్లో చదువుతుందిలే, బాబాయ్."

"ఆవిడెందుకు? మీ నోటితో వింటేనే నా బుర్రకెక్కుతుంది."

లిఫ్టు స్ట్రెచర్లకే చాలదు. మెట్లు దిగేసరికి నాకు ఆయాసం, ఆయనకు కులాసా. కళ్లజోడు నుదుటి మీదకు తోసి "ఊఁ, కానివ్వండి" అనేవాడు. గడగడా చదువుతూ మధ్యలో నేనే నాలుక కరుచుకునేవాణ్ణి. అర మాత్ర అనుకుని రెండు రాసి ఉండేవాణ్ణి మరి! గుట్టుగా దిద్దేసి, "ఇప్పుడు కనపడిందా?" అని గద్దించేవాణ్ణి.

"అద్దంలా!"

పీజీ రెండో ఏడాది నా మోకాళ్లు మొరాయించాయి. "ఫార్మసిస్టుకు చూపు ఆనడం లేదు, రోగులకు ప్రమాదం" అని సూపరింటెండెంటుకు అర్జీ పెట్టాను. ఘనకార్యంలా తోటి పీజీల చేత సంతకాలూ పెట్టించాను. బాబాయిని ఆ వారమే దూది, గాజుగుడ్డల స్టోరుకు మార్చేశారు. ఆ తర్వాత తీరిగ్గా కంటి పరీక్ష చేయించారు.

పరీక్ష చేసిన కంటి డాక్టరు నా స్నేహితుడే. క్యాంటీన్లో తగిలాడు.

"మీ బాబాయి పట్టికలో ఆఖరి వరుస చదివేశాడురా. దాని కింద చీమ తలకాయంత అచ్చాఫీసు పేరుంటే, అదీ చదివాడు!"

టీ గ్లాసు అక్కడే పెట్టేసి లేచాను. నర్సులూ పెద్ద డాక్టరూ చుట్టూ ఉండే వార్డు ఫోన్లో "తప్పు రాశారు" అనలేక, ఆ పెద్దమనిషి ఇన్నాళ్లూ చూపు లేనివాడన్న పేరు మోశాడు.

స్టోరుకు పరిగెత్తాను. "తప్పయిపోయింది బాబాయ్. అర్జీ వెనక్కి తీసుకుంటా."

"రెండు నెలల్లో రిటైరయ్యేవాణ్ణి, నాకేం? దూదికి డోసుల గొడవ లేదు. నా దిగులల్లా నా చోట్లోకొచ్చిన కొత్తమ్మాయి గురించే. డాక్టర్లంటే హడలు. మీరేం రాస్తే అది కట్టిచ్చేస్తుంది."

అర్జీ వెనక్కి తీసుకున్నాను గానీ, ఆర్డరు వెనక్కి రాలేదు. ఆయన దూది మూటల మధ్యే రిటైరయ్యాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

ఆ రోజు మాత్రం స్టోరు నుంచి నేరుగా మందుల గదికి వెళ్లాను. నన్ను చూడగానే ఆ అమ్మాయి బిక్కచచ్చిపోయి లేచి నిలబడింది.

"నేనేం తప్పు చేశాను సార్?"

"నువ్వు కాదమ్మా, నేను. ఎక్కడో చూసి చెప్పు."

ఆ అమ్మాయి నన్నూ, ఇంకా మందులు కట్టని చీటీల్నీ కాసేపు మార్చి మార్చి చూసింది. తర్వాత మెల్లగా కుర్చీ నా ముందుకు జరిపింది.

"అయితే కూర్చోండి సార్. మూడున్నాయి."