ఇచ్చోడలో ప్లగ్ తీసిన స్పీకర్

దయ్యాల కబుర్లు నా దగ్గర చెల్లవు. కరీంనగర్‌లో పద్దెనిమిదేళ్లుగా ఇళ్లల్లో ఖరీదైన స్పీకర్లు బిగించడమే నా పని. "గోడల ఏదో మూలుగుతుంది" అని భయపడి పిలిచినవాళ్లకు వదులైన కిటికీ అద్దాన్నో, అల్మారాలో గిన్నెనో చూపించి, నవ్వి వచ్చిన రకం నేను. ఈ సంగతి మాత్రం రాస్తుంటే నవ్వు రావడం లేదు.

పోయిన వేసవిలో ఇచ్చోడ నుంచి గంగన్న ఫోన్ చేశాడు. దుబాయ్‌లో పదేళ్లు పనిచేసి వచ్చి, తాత ఇల్లున్న చోటే కొత్తిల్లు కట్టుకున్నాడు. పెద్ద స్పీకర్ల జత, వాటిని నడిపే యాంప్లిఫయర్, బేస్ కోసం, అంటే ఛాతీలో అదిరే లోతైన శబ్దం కోసం, విడిగా సబ్‌వూఫర్ అనే పెట్టె కొన్నాడు.

"తమ్మీ, గింత పెట్టి కొంటే రేకుడబ్బ మోగినట్టు మోగుతుంది. జర వచ్చి చూడు."

వెళ్లి చూస్తే స్పీకర్లను షోకేసులో ఇరికించాడు. కొనేటప్పుడున్న శ్రద్ధ పెట్టేటప్పుడు ఉండదు మనవాళ్లకు. బయటికి జరిపితే పాట తేటపడింది గానీ నిండుదనం రాలేదు.

ఇలాంటప్పుడు మా పనిలో ఒక పద్ధతి ఉంది. సబ్‌వూఫర్‌ను మనం కూర్చునే సోఫా మీద పెట్టి, పాట వేసి, చెవి నేలకు దగ్గరగా పెట్టి గదంతా పాకాలి. బేస్ ఎక్కడ నిండుగా వినిపిస్తే ఆ పెట్టె చోటు అదే. నేను పాకుతుంటే గంగన్న భార్య సుజాత వదినె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

గది మధ్యకొచ్చేసరికి బేస్ మాయమైంది. అరచేతి కింద బండ వణుకుతోంది. వేళ్లతో కొడితే డొల్లగా మోగింది.

"గాడ మా తాత జొన్నల పాతర ఉండె. పూడ్చలే, మీద బండ ఏసినం" అన్నాడు గంగన్న.

జొన్నలు దాచుకునే ఆ గొయ్యే శబ్దాన్ని మింగేస్తోందనుకున్నాను. ఇసుకతో నింపమన్నాను. ఎంత ఇసుక కావాలో తెలియాలంటే లోపల కొలవాలి, ఎందుకంటే పాతరకు మూతి ఇరుకు, కడుపు వెడల్పు. వైర్లు కాళ్లకు తగలకుండా ప్లగ్గులన్నీ నేనే తీశాను. గడ్డపారతో బండ లేపడానికి ఇద్దరికీ అరగంట పట్టింది. మధ్యాహ్నం మూడు గంటలు, గది నిండా వెలుతురు. కింద మాత్రం చీకటి, ముక్కిపోయిన జొన్నల వాసన. నిచ్చెన దించి మొదటి మెట్టు మీద కాలు పెట్టాను.

"దీపం దించినవా?"

ముసలాయన గొంతు. కుడివైపు స్పీకర్‌లోంచి వచ్చింది. గంగన్న నా ఎదురుగానే ఉన్నాడు, అతని పెదాలు కదలలేదు. వంటింట్లోంచి వదినె తొంగిచూసి "ఎవలచ్చిన్రు?" అని అడిగింది. అంటే ఆమెకూ వినిపించింది.

స్పీకర్ వైర్ యాంప్లిఫయర్‌కే ఉంది, యాంప్లిఫయర్ ప్లగ్ నా కళ్ల ముందే నేల మీద పడి ఉంది.

గంగన్న నా భుజం పట్టి వెనక్కి లాగాడు. "పాతరల దిగేముందు దీపం దించాలె తమ్మీ. ఆరితే దిగద్దు. నేనే మర్సిన."

వదినె దేవుడి దగ్గరి దీపం తెచ్చింది. డబ్బాలో పెట్టి తాడుతో దించాం. రెండు మూరలు దిగగానే ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దించాం, మళ్లీ ఆరింది. లోపల పీల్చే గాలి లేదు. దిగి ఉంటే నేను పైకి వచ్చేవాణ్ణి కాదు.

బండ మూస్తుంటే అదే స్పీకర్ మళ్లీ పలికింది, ఈసారి చాలా మెల్లగా.

"నాకెవ్వలు దించలే."

పాతరలో ఎవరైనా పోయారా అని గంగన్న ఊళ్లో పెద్దవాళ్లను అడిగాడు. ఎవరికీ తెలియదు. నేను ఆ స్పీకర్ విప్పి చూశాను, ఏమీ లేదు. యాంప్లిఫయర్‌లో మిగిలిన కరెంటు అరగంట నిలవదు. ఊళ్లో ఎక్కడో మైకులో మాట ఇందులోకి వచ్చిందనుకుందామంటే, పాతరలో దీపం సంగతి ఏ మైకు అడుగుతుంది?

ఆ గొంతు నా ప్రాణం కాపాడింది. దండం పెట్టుకోవాలి, కానీ తలుచుకుంటే భయమే వేస్తుంది.

తర్వాత గంగన్న పైనుంచే ఇసుక పోయించాడు. మొన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, ఇప్పుడు పాట మస్తు నిండుగ వస్తుంది. వచ్చి వినిపో."

వస్తానన్నాను. ఇంకా వెళ్లలేదు.