చేతికిచ్చిన కత్తి

నా చిన్నప్పుడు మా ఇంట్లో కత్తిని ఎవరూ ఎవరి చేతికీ ఇచ్చేవాళ్లు కాదు. కత్తి గానీ కొడవలి గానీ ఇంకొకరికి కావాలంటే కింద పెట్టాలి, వాళ్లు వంగి తీసుకోవాలి. చేతినుంచి చేతికి మారితే ఇచ్చినవాళ్లకూ తీసుకున్నవాళ్లకూ తగాదా వచ్చి తీరుతుందని మా అవ్వ, అంటే మా నాన్న వాళ్ల అమ్మ, గట్టిగా నమ్మేది. మా వీధిలో ఒకే ఇంటికి నడుమ గోడ కట్టుకున్న అన్నదమ్ములు ఉండేవాళ్లు. ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు కాదు. ఒక కోతల కాలంలో తమ్ముడు అన్న చేతికి కొడవలి అందించాడని, ఆ పూటతోనే ఇద్దరికీ మాటలు పోయాయని అవ్వ చెప్పేది. ఆ గోడ పక్కగా నడవాలంటే నాకు వీపు జలదరించేది. ఇప్పుడు ఈ సంగతి చెబితే మా మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ, దానికి ఆ గోడ తెలియదు.

మాది రామసముద్రం దగ్గర పల్లె. మా అమ్మ తమ్ముడు, మా మామ, పుంగనూరులో ఒక బడిలో డ్రిల్లు మాస్టరు. వారమంతా ఈల ఊది పిల్లల్ని పరిగెత్తించి, ఆదివారం పొద్దున్నే బస్సు దిగి మా ఇంటికి వచ్చేవాడు. వచ్చేది అక్క మీద ప్రేమతో మాత్రమే కాదు. మా పశువుల కొట్టం పక్కన ఖాళీ చోటు ఉండేది, అక్కడ ఆయన కత్తులు చేసుకునేవాడు. అమ్మడానికి కాదు, ఎవరినో బెదిరించడానికి అసలే కాదు. కొందరికి కోళ్లు పెంచడం ఇష్టం, కొందరికి పేకాట. మా మామకు కత్తులు చేయడం. పెళ్లి కాకముందే కత్తులు నూరుతున్నాడని, రేపు వచ్చే పిల్ల వాకిట్లోనుంచే వెనక్కి తిరుగుతుందని మా నాన్న ఆటపట్టించేవాడు.

మడిచి జేబులో పెట్టుకునే కత్తులంటే ఆయనకు చిన్నచూపు. కత్తి పిడిలో కదలకుండా ఉండాలి, దాని తోక పిడి చివరిదాకా పోవాలి అనేవాడు. మొదట్లో సంతలో దొరికే కత్తులకు పిడి ఊడబీకి, చింతచేవతో కొత్త పిడి చెక్కి బిగించేవాడు. తర్వాత ఆ సరదా ముదిరి, లారీల కింద విరిగిన స్ప్రింగు పట్టీలు తెచ్చి సొంతంగా చేయడం మొదలుపెట్టాడు. పాత బక్కెట్టులో బొగ్గులు పోసి, తిత్తి ఊది, ఇనుము కాల్చి, సుత్తితో సాగదీసి, ఆకురాయితో గంటల తరబడి రాసేవాడు. చివర్లో కత్తిని మళ్లీ ఎర్రగా కాల్చి, పాడైపోయిన రేడియోలోంచి తీసిన అయస్కాంతం దగ్గర పెట్టి చూసేవాడు. అయస్కాంతానికి అంటుకోకపోతే కాక సరిపోయినట్టు. వెంటనే వేరుశనగ నూనెలో ముంచేవాడు. అది బుస్సుమని పొగలు కక్కేది. ఆ శబ్దానికి నేను ఎప్పుడూ గడప దాటి ఇంట్లోకి పరిగెత్తేదాన్ని. ఆ కత్తులన్నా భయమే, ఆ పొగన్నా భయమే, అయినా మళ్లీ వచ్చి గోడ చాటునుంచి చూసేదాన్ని. ఎందుకంటే లోకంలో నాకు మా మామంత ఇష్టమైన మనిషి లేడు.

నా భయం ఆయనకు తెలుసు. ఒక ఆదివారం నాకోసం కొయ్యకత్తి ఒకటి చెక్కి తెచ్చాడు. దానితో కత్తిని ఎలా అందించాలో నేర్పాడు. పిడి అవతలివాళ్ల వైపు ఉండాలి. మనం మొండి వైపు వేళ్లతో పట్టుకోవాలి, పదును అరచేతికి తగలకూడదు. అవతలివాళ్లు "పట్టుకున్నా" అని నోటితో చెప్పేదాకా వదలకూడదు. డ్రిల్లు మాస్టరు కదా, ఇది కూడా కవాతు లాగే నేర్పాడు. నేను ఆ మాట వినకుండానే వదిలేస్తే మళ్లీ మొదటినుంచి చేయించేవాడు. అవ్వ చూసి గొణిగింది గానీ, కొయ్యే కదా అని ఊరుకుంది. నిజం కత్తి మాత్రం ముట్టుకోనివ్వలేదు. ముట్టుకోవాలన్న కోరిక నాకూ లేదు.

ఆ వేసవిలో ఒక రోజు మామా నేనూ చేని దగ్గరికి వెళ్లాం. మా పొట్టి ఆవు దూడను మేతకు తోలుకుపోవడం ఆ రోజు మా పని. కానుగ చెట్టు కింద కూర్చుని మామ తన కత్తితో దోసకాయ కోసి పెట్టాడు. మిగిలిన కాయలూ కత్తీ తువ్వాలు మీద అక్కడే వదిలి, దూడను నీళ్లకు బావి వైపు పట్టుకుపోయాడు, నేనూ వెంట నడిచాను. దూడ మెడకు కట్టిన పలుపుతాడు చేతికి చుట్టుకోవద్దని మా నాన్న వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. మామ మాటల్లో పడి మణికట్టుకు గట్టిగా చుట్టుకున్నాడు. మా బావికి గట్టు లేదు. ఒకప్పుడు ఎద్దులతో నీళ్లు తోడినప్పటి రాతి స్తంభాలు రెండు అంచున నిలబడి ఉండేవి, అంతే.

పొదలోంచి కుక్క ఒకటి మొరుగుతూ దూకింది. దూడ బెదిరి పరిగెత్తింది. బావి అటే ఉందని దానికేం తెలుసు. నేను చూస్తుండగానే అది అంచు దాటి కనబడకుండా పోయింది, పలుపు మామను నేల మీద ఈడ్చుకుపోయింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన బావి అంచున బోర్లా పడి ఉన్నాడు. రెండు కాళ్లతో రాతి స్తంభాన్ని పెనవేసుకున్నాడు. ఎడమ చెయ్యి భుజం దాకా బావిలో ఉంది. కుడి చేత్తో అంచు రాయిని పట్టుకున్నాడు. లోపల దూడ పలుపుకు వేలాడుతూ గిలగిల కొట్టుకుంటోంది. అది కొట్టుకున్నప్పుడల్లా మామ కొంచెం ముందుకు జారుతున్నాడు.

"పాపా, కత్తి తే! తొందరగా!"

కానుగ చెట్టు దాకా ఎలా పరిగెత్తానో, నిజం కత్తిని ఎలా చేతబట్టానో నాకు గుర్తులేదు. వచ్చి ఏం చేశానో మాత్రం బాగా గుర్తుంది. పుట్టినప్పటినుంచీ చూసినట్టే, మా ఇంట్లో అందరూ చేసినట్టే, కత్తిని ఆయన పక్కన బండ మీద పెట్టి వెనక్కి జరిగి నిలబడ్డాను.

రాయి మీద కత్తి చప్పుడు ఆయన విన్నాడు. తల తిప్పే వీలు లేదు. కుడి చెయ్యి రాయి మీదనుంచి తీసి బండ మీద తడిమాడు. చెయ్యి తీసిన ఆ కాస్త సేపట్లోనే జానెడు ముందుకు జారాడు. మళ్లీ రాయిని పట్టుకున్నాడు.

"కింద యాల పెడితివి తల్లీ? నాకు కనపళ్లేదు. సేతికియ్యి."

నేను కదల్లేదు. బావి చూసి కాదు. చేతికిస్తే మామకూ నాకూ గోడ లేస్తుంది. ఇక ఆదివారం బస్సు దిగడు. దిగినా నా ముఖం చూడడు. ఇవ్వకపోతే బావిలో పడిపోతాడు. ఎటు చూసినా మామ నాకు ఉండడు. అంతటి భయం మళ్లీ జీవితంలో ఎరగను. కాన్పులప్పుడూ లేదు, మా ఆయనను ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడూ లేదు. ఏడుస్తూ అడిగాను.

"ఇస్తే కొట్లాట వస్తాది కదా మామా?"

"వస్తే రానీలే. నేను ఉంటే కదా కొట్లాడేదానికి. ఇయ్యి!"

ఆయన కుడి చెయ్యి రాయిని వదిలి, అరచెయ్యి తెరుచుకుని భుజం మీదుగా నా వైపు వచ్చింది. నేను కత్తి తీసుకున్నాను. కొయ్యకత్తితో చేసినట్టే మొండి వైపు పట్టుకుని, పిడిని ఆయన అరచేతిలో పెట్టాను. వేళ్లు మూసుకున్నాయి. అయినా నేను వదల్లేదు.

"పట్టుకున్నా," అన్నాడు.

వదిలాను. కత్తి పలుపును ఒక్క లాగుతో తెంచింది. కింద నీళ్లు పెద్దగా చప్పుడు చేశాయి. మామ వెనక్కి పాకి, స్తంభానికి ఆనుకుని కూర్చుని, చేతికి మిగిలిన పలుపు విప్పుకున్నాడు. ఆయన మణికట్టు చుట్టూ చర్మం లేచిపోయింది. నా కేకలకు పక్క చేనివాళ్లు వచ్చి బావిలోకి దిగారు. దూడ ఈదుతూనే ఉంది. నడుముకు తాళ్లు కట్టి పైకి తెచ్చారు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నాకు ఒక్క మాటా చెవికెక్కలేదు. తగాదా ఎప్పుడు మొదలవుతుందా అని మామ ముఖమే చూస్తున్నాను.

ఆ తర్వాతి ఆదివారం బస్సు హారను వినబడగానే నేను ధాన్యం గాదె వెనక దూరాను. మాట్లాడితే కదా తగాదా వచ్చేది, మాట్లాడకపోతే రాదనుకున్నాను. మామ ఇల్లంతా వెతికి గాదె పక్కన కూర్చున్నాడు. చేతికి ఇంకా కట్టు ఉంది. బావి చూసి జడుసుకున్నాననుకుని చాలాసేపు ఏదేదో చెప్పాడు. చివరికి నేనే వెక్కుతూ అసలు సంగతి చెప్పేశాను. ఆయన నవ్వలేదు. అవ్వ మాట ఉత్తదని కూడా అనలేదు. లేచి వెళ్లిపోయాడు.

కొంచెం సేపటికి వాకిట్లోంచి పెద్ద గొంతు వినబడింది.

"నా బెల్లం ముక్క యాడ పోయింది? ఆ గాదె కాడ దాంకునుండే దొంగే తినింది!"

నేను అదిరిపడ్డాను. బెల్లం నేను తినలేదు. వచ్చేసిందనుకున్నాను, అవ్వ చెప్పిన తగాదా వచ్చేసింది. బయటికి వచ్చి తినలేదన్నాను. తిన్నావన్నాడు. మూతి చూస్తేనే తెలుస్తోందన్నాడు. దొంగపిల్ల అన్నాడు. నా భయం ఎటుపోయిందో గానీ కోపం నెత్తికెక్కింది. కాళ్లు నేలకేసి కొడుతూ అరిచాను.

"నీ బెల్లమూ వద్దు, నీ కత్తులూ వద్దు! బస్సెక్కి పో! మళ్లీ రావాకు!"

ఆ మాట నా నోటినుంచే రావడం విని రెండు చేతులతో నోరు మూసుకున్నాను. నేను భయపడిందంతా ఇదే కదా. కొట్టంలోంచి పేడచేతులతో పరిగెత్తి వచ్చిన అవ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మామ వెంటనే ఆమె వైపు తిరిగి, బడిలో ఆట ముగిసినట్టు మామూలు గొంతుతో అడిగాడు.

"అత్తా, నువ్వే సెప్పాల. మేమిద్దరం కొట్లాడితిమా లేదా?"

"వీధంతా వినింది కదప్పా," అంది అవ్వ.

"కత్తి సేతికిచ్చినందుకు వచ్చే కొట్లాట ఇదే కదా? వచ్చేసింది, అయిపోయింది. మళ్లీ రాదు కదా?"

అవ్వ నా ముఖం చూసింది. కన్నీళ్లు కారుతున్నాయి నాకు. ఆమె తన జీవితమంతా నమ్మిన మాట అది. దాన్ని పక్కకు తోయడానికి ఆమెకు ఎంత కష్టమయ్యిందో అప్పుడు నాకు తెలియదు.

"ఒక కత్తికి ఒకటే కొట్లాట. అయిపోయిందిలే మే," అంది, నా తల నిమరబోయి, చేతికి పేడ ఉందని ఆగిపోయింది.

మామ జేబులోంచి బెల్లం ముక్క తీసి సగం విరిచి నాకిచ్చాడు. తర్వాత బావి దగ్గరి కత్తిని, కొత్తగా కుట్టిన తోలు ఒరతో సహా, అవ్వ చూస్తుండగానే నా చేతికిచ్చాడు. నేను పట్టుకున్నానని చెప్పేదాకా వదల్లేదు.

మామ ఉద్యోగం ముగిశాక కుప్పంలో కొడుకు దగ్గర ఉన్నాడు. చివరి రోజుల్లో ఆయనకు మనుషులు గుర్తుండేవాళ్లు కాదు. నేను మదనపల్లె నుంచి వెళ్లి మంచం పక్కన కూర్చుంటే ఎవరమ్మా నువ్వు అని మర్యాదగా అడిగాడు. పండు కోసిపెడదామని సంచిలోంచి ఆ కత్తి తీశాను. పిడి అరిగి నునుపెక్కిపోయింది. ఆయన చూపు దాని మీద నిలిచింది. అరచెయ్యి చాపాడు. నేను పిడి పెట్టాను, ఆగాను. చాలాసేపటికి "పట్టుకున్నా" అన్నాడు. బొటనవేలితో మొండి వైపు తడిమి చూసుకున్నాడు. తిరిగి నాకు ఇవ్వబోయాడు. నేను పిడి అందుకున్నాను గానీ ఆ మాట చెప్పడం మరిచాను. ఆయన కత్తిని వదల్లేదు. ఎముకలు తేలిన ఆ వేళ్లు పట్టు సడలించలేదు, నా మాట కోసం చూస్తున్నాయి.

"పట్టుకున్నా మామా," అన్నాను. అప్పుడు వదిలాడు.

ఇప్పటికీ నాకు కత్తులంటే భయమే. ఆ భయం పోలేదు, పోవాలని కూడా కోరుకోను. మా వంటింట్లో మనవరాలికి కత్తి ఇచ్చేటప్పుడు పిడి దాని వైపు తిప్పి, ఆ మాట వినబడేదాకా పట్టుకునే ఉంటాను. అది విసుక్కుంటుంది. విసుక్కున్నా చెబుతుంది. ఆ వెంటనే బెల్లం డబ్బా ఎవరు ఖాళీ చేశారని దానితో ఒక చిన్న తగాదా పెట్టుకుంటాను.