రెండు పూటల మంచం

కలకత్తా రేవు పక్కన గార్డెన్ రీచ్‌లో మన తెలుగువాళ్లుండే సందులో, గవరయ్య ఇంట్లో ఒక మంచం ఉంది. దాని మీద పగటిపూట ఎవరూ పడుకోకూడదు. ఉదయం ఆరు కాగానే గవరయ్య లేచి, దుప్పటి దులిపి పరిచి, తలగడ తిరగేసి పెడతాడు. ఇక రాత్రయ్యేదాకా అటు వైపు చూడడు. నిద్ర సరిపోయిందా లేదా అన్నది అనవసరం. రేవులో పని మానేసి నాలుగేళ్లుగా ఇంటిపట్టునే ఉంటున్నాడు కదా, ఇంకాసేపు పడుకుంటే అడిగేవాడెవడు? అయినా సరే, ఆరు అంటే ఆరే. ఒకసారి మనవరాలికి ఒళ్లు కాలిపోతుంటే నేల మీద చాప పరిచాడు గానీ మంచం ఇవ్వలేదు. పక్క గదిలోనే కాపురముండే కూతురు సుందరికి ఆ రోజు ఎంత కోపం వచ్చిందో చెప్పలేం. అల్లుడు మల్లేశు మాత్రం "మామ మంచానికి పగలు కూడా డూటీ ఉంది" అని నవ్వి ఊరుకున్నాడు. వాడికేం, నవ్వుతాడు.

ఆ పగటి డూటీ ఎవరిదో గవరయ్యకు తెలుసు. చలికాలంలో కూడా కొన్ని రాత్రులు పడుకోబోతూ పక్క మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలేది. తన చెయ్యే వెచ్చగా ఉందేమోనని రెండో చేత్తో చూసుకునేవాడు. రెండు చేతులూ చల్లగానే ఉండేవి.

రెండువేల ఎనిమిదో సంవత్సరం మొదట్లో మల్లేశు ఆఫీసు నుంచి రంగు కాగితం ఒకటి తెచ్చాడు. అతను ఒక ఓడల ఏజెంటు దగ్గర గుమాస్తా. ఊరికి తూర్పున, చేపల చెరువులు దాటాక, కొత్తగా నీళ్ల పార్కు కట్టారట. జారుడు బల్లలు, అలలు లేచే కొలను, ఆకాశమంత ఎత్తు రాట్నం. మనవరాలికి ఎనిమిదేళ్లు. ఆ కాగితం చూసిన దగ్గర్నుంచి కాలు నేల మీద నిలిస్తే ఒట్టు. ఒక్కరోజులో అన్నీ ఎక్కడం కుదరదు, సాయంత్రం తడి బట్టలతో మూడు బస్సులు మారి ఇల్లు చేరడం అంతకన్నా కుదరదు. ఒక రాత్రి అక్కడే ఉండాలి. ఎక్కడ ఉండాలన్నదే పేచీ.

పార్కు లోపలే కుటీరాలున్నాయి. గేటు బయట, రోడ్డుకి అవతల, ఒక గెస్ట్ హౌస్ ఉంది.

"లోపలే తీద్దాం నాన్నా," అంది సుందరి. "పిల్లగుంటకి అలుపొస్తే తెచ్చి తొంగోబెట్టొచ్చు. అమ్మ మోకాళ్లకీ నయం. మెట్లు లేవు, కింది ఇల్లే."

గవరయ్య భార్య కాసులమ్మ ఆ కాగితం అందుకుంది. చదవడం రాదు, బొమ్మ చూసింది. కుటీరం అరుగు మీద, నీళ్లకి ఎదురుగా, ఒక వెదురు కుర్చీ ఉంది. "ఈ కుర్సీ నాదేనే," అంది మనవరాలితో. "నువ్వు జారతా ఉండు, నాను సూస్తా ఉంటాను." ముప్పయ్యేళ్లు గోనెసంచులు కుట్టి మోకాళ్లు అరగ్గొట్టుకున్న మనిషి. ఈ ఊరొచ్చాక సరదాకని ఎక్కడికీ వెళ్లి ఎరగదు. కాగితం మడిచి తమలపాకుల డబ్బాలో దాచుకుంది.

"ఇంకో సంగతి," అన్నాడు మల్లేశు హుషారుగా. "రోజు మొత్తం తీసుకోనక్కర్లేదు మామా. గది రెండు పూటలుగా ఇస్తారు. రాత్రి పార్టీ పొద్దున్న ఎనిమిదికి దిగిపోతే, తొమ్మిదికి పగటి పార్టీ ఎక్కుతాది. మంచం ఒక్క గంటకి మించి ఖాళీ ఉండదు. ఏం తెలివో సూడండి!"

గవరయ్య చప్పున లేచి నిలబడ్డాడు. "లోపలొద్దు," అన్నాడు. "ఆడ దోమలు. బయటే తీద్దాం."

దోమలు రోడ్డు దాటి బయటికి రావా అని సుందరి అడిగింది.

ఏం చెబుతాడు? ముప్పయ్యేళ్ల కిందట, ఇదే సందులో, ఒకే గదిలో ఎనిమిది మంది రేవు కూలీలకి నాలుగు మంచాలుండేవి. పగలు పనిచేసేవాడు రాత్రి పడుకునేవాడు, రాత్రి పనిచేసేవాడు పగలు. గవరయ్యది పగటి డూటీ. ఆయన మంచంలో రెండో వాటాదారు సూరన్న. ఒకే ఊరివాళ్లు, వరసకి అన్న. సూరన్నకి ఊళ్లో పెళ్లాం ఉంది, ఏడాది కూతురుంది. పొద్దున్న ఆరింటికి ఆయన గుమ్మంలో అడుగు పెట్టే వేళకి గవరయ్య మంచం దిగి, దుప్పటి దులిపి, తలగడ తిరగేసి ఇవ్వాలి. పక్క ఇంకా వెచ్చగా ఉండగానే ఆయన వాలిపోయేవాడు. చలికాలంలో ఆ వెచ్చదనం కూడా వాటాలో భాగమే.

మాఘమాసంలో ఒక పొద్దున్న గవరయ్య లేవలేదు. ఒంట్లో బాగానే ఉంది. చలి, దుప్పటి, ఇరవై ఆరేళ్ల బద్ధకం, అంతే. సూరన్న వచ్చి నిలబడితే మూలిగాడు. "జొరమన్నా," అన్నాడు. ఎవరి హాజరు బిళ్ల మీద ఎవరు పనిలోకి ఎక్కినా, తలల లెక్క సరిపోతే కూలీల సర్దారుకి చాలు. రాత్రంతా బస్తాలు మోసి వచ్చిన సూరన్న, తమ్ముడి కూలి పోకూడదని, మేకుకి వేలాడుతున్న గవరయ్య బిళ్ల తీసుకుని మళ్లీ రేవుకి పోయాడు. పది గంటలకి ఓడ కడుపులోకి దింపుతున్న సరుకు బేళ్ల కట్టు జారింది. తప్పుకోండని పైనుంచి కేక వేశారు. అందరూ తప్పుకున్నారు. నిద్ర కళ్ల మనిషి ఒక్క క్షణం ఆలస్యంగా తల ఎత్తాడు. మధ్యాహ్నం ఎవరో వచ్చి తలుపు బాదేదాకా గవరయ్య ఆ మంచం మీదే హాయిగా నిద్రపోయాడు.

సూరన్న పెళ్లామే కాసులమ్మ. కూతురే సుందరి. ఏడాది తిరిగాక పెద్దలు కూర్చుని మారుమనువు మాట ఎత్తితే గవరయ్య తల వంచుకుని ఒప్పుకున్నాడు. ఇదంతా సందులో అందరికీ తెలిసిందే, సుందరికీ తెలుసు. ఆ జ్వరం అబద్ధమన్న సంగతొక్కటే ఎవరికీ తెలియదు. "తమ్ముడు జొరంతో పడుంటే ఆడి బదులు ఎల్లినాడు నా మనిషి" అని కాసులమ్మ ఎన్నోసార్లు చెప్పుకుంది, కొంచెం గర్వంగానే. ఆ మాట విన్న ప్రతిసారీ గవరయ్య ఏదో పనున్నట్టు లేచి బయటికి పోయేవాడు.

ఆదివారం మామా అల్లుళ్లిద్దరూ గదులు చూడ్డానికి వెళ్లారు. ముందు గెస్ట్ హౌస్ చూశారు. గది శుభ్రంగా ఉంది, మధ్యాహ్నం నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా ఒకరిదే. కానీ మూడో అంతస్తు. లిఫ్టు కోసం గోతిలాంటి చోటు వదిలారు గానీ లిఫ్టు ఇంకా రాలేదు.

పార్కులోకి వెళ్లేసరికి తొమ్మిది కావస్తోంది. కుటీరం అరుగు అంచున పగటి పార్టీ సంచులతో కాచుకుని కూర్చుంది. రాత్రి పార్టీ ఆలస్యంగా, తల తుడుచుకుంటూ అప్పుడే దిగింది. అరుగు మీద వెదురు కుర్చీ ఉంది, బొమ్మలోదే. గవరయ్య దాని చేతి మీద చెయ్యి వేసి, కాసులమ్మకి సరిపోతుంది అనుకున్నాడు. అంతలో లోపలికి చూశాడు. పనివాడు పాత దుప్పటి లాగేసి కొత్తది తేవడానికి పక్కకి వెళ్లాడు. గవరయ్య గబగబా వెళ్లి పరుపు మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. మనిషి ఆకారానికి గుంట పడి ఉంది. తనకు తెలియకుండానే ఆ గుంటని చదును చేసి తలగడ తిరగేశాడు.

"మీరెందుకు చేస్తున్నారు దాదూ, అది నా పని కదా!" అని బెంగాలీలో అంటూ పనివాడు నవ్వాడు. అరుగు అంచున కూర్చున్న మనిషి సంచి అందుకుని లేచాడు. ఎవరో తెలియని బెంగాలీ గృహస్థుడు, అయినా గుమ్మంలో ఆ నిలబడిన తీరు చూసి గవరయ్యకి సూరన్నే గుర్తొచ్చాడు. పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు.

"బయటే," అన్నాడు మల్లేశుతో.

"అత్త మూడంతస్తులు ఎక్కగలదా మామా?"

"ఎక్కుతాది." ఎక్కలేదని ఆయనకి బాగా తెలుసు.

ఇంటికొచ్చి చెబితే కాసులమ్మ గొడవేమీ పెట్టుకోలేదు. "మీరెల్లిరండి. నాను ఇల్లు సూసుకుంటాను," అంది. తమలపాకుల డబ్బాలోంచి ఆ రంగు కాగితం తీసి, బియ్యం డబ్బా కింద చెమ్మ తగలకుండా పరిచింది. గవరయ్య అది చూశాడు. ఒక అబద్ధంతో ఆమె మొగుణ్ణి పంపేశాడు. దాన్ని కప్పిపెట్టడానికి ఇప్పుడు ఆ కుర్చీ కూడా లాగేస్తున్నాడు.

రెండు రోజుల తర్వాత బంద్ వచ్చింది. బస్సుల్లేవు, ట్రాముల్లేవు. మల్లేశు నడిరోడ్డు మీద క్రికెట్ ఆడుతున్నవాళ్లలో కలిసిపోయాడు, సుందరి పిల్లని తీసుకుని పక్కింటికి పోయింది. మధ్యాహ్నం కాసులమ్మ గుమ్మంలో కూర్చుని కందిపప్పు ఏరుతోంది. గవరయ్య ఎదురుగా కూలబడ్డాడు.

"ఆ దినం నాకు జొరం నేదు, కాసులూ."

ఏ దినమని ఆమె అడగలేదు. చేటలో చెయ్యి ఆగిపోయింది.

"సలేసింది. లెగబుద్ది కానేదు. అబద్దమాడినాను."

ఆమె తల ఎత్తి ఆయన వైపు చూసింది. "జొరమొచ్చినోడి కోసం ఎల్లినాడని ఓర్సుకున్నాను. సలికి ముడుసుకున్నోడి కోసం ఎల్లినాడా?"

గవరయ్య కింద పడ్డ పప్పు గింజలు ఏరసాగాడు.

"ఎల్లేటప్పుడు ఆడేటన్నాడు? ఏటీ అనలేదని ఇన్నాళ్లూ సెప్పినావు. ఇప్పుడు నిజం సెప్పు."

"అన్నాడు," అన్నాడు గవరయ్య. ఏడుపు ముంచుకొచ్చింది. "దుప్పటి నా మెడదాకా కప్పినాడు. 'ఈ పూట నా వొంతు కూడా నువ్వే తొంగో తమ్ముడా' అన్నాడు."

కాసులమ్మ చేట పక్కన పెట్టి లేచి లోపలికి పోయింది. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, నీళ్లు పెట్టింది, ముఖం మాత్రం చూడలేదు. రాత్రిళ్లు సుందరి గదిలో పడుకుంది. గవరయ్య మంచం మీద ఒంటరిగా పడుకుంటే పక్క రాత్రంతా వెచ్చగానే ఉంది. నిద్ర పట్టలేదు.

ఐదో రోజు ఆమె మల్లేశుని పిలిచింది. "బయట గదులే తియ్యి. నానూ వస్తాను."

"మూడంతస్తులమ్మా!" అంది సుందరి. "లోపల కుర్చీ ఉంది, నువ్వే కదా కావాలన్నావు?"

"రెండు పూటల మంచం మీద నాను తొంగోను," అంది కాసులమ్మ. ఆ మాట అర్థమైంది ఆ ఇంట్లో ఒక్క గవరయ్యకే.

వెళ్లారు. పగలంతా మనవరాలు నీళ్లలో జారింది. కాసులమ్మ టికెట్ల కిటికీ పక్కన ఒక రాతి బల్ల చూసుకుని కూర్చుంది. అక్కడికి నీళ్లు కనబడవు, పిల్ల కేకలు మాత్రం వినబడతాయి. కుటీరాల వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు. సాయంత్రం యాభై నాలుగు మెట్లు. మనవరాలు బెంగాలీలో లెక్కపెడుతుంటే, ప్రతి మలుపులోనూ కూలబడి, గోడ పట్టుకుని, పళ్లు బిగించి ఎక్కింది. గవరయ్య చెయ్యి అందించాడు. రెండో అంతస్తు దాకా పట్టుకోలేదు. మూడో అంతస్తులో పట్టుకుంది.

సుందరి వాళ్లు ఒక గదిలో, వీళ్లిద్దరూ ఒక గదిలో పడుకున్నారు.

తెల్లవారి ఆరయింది. గవరయ్యకి గడియారం అక్కర్లేదు. మెల్లగా మంచం దిగి, తన వైపు దుప్పటి చదును చేసి, తలగడ తిరగేశాడు. కిటికీలోంచి పల్చటి ఎండ పరుపు మీద పడుతోంది. అలవాటు కొద్దీ గుమ్మం వైపు చూశాడు.

"ఏటి సేస్తన్నావు?" కాసులమ్మ కళ్లు తెరిచే ఉంది.

"ఆరయినాది."

"అయితే? ఈ గది మజ్జానం దాకా మనదే."

ఆయన కదల్లేదు. ఆమె లేచి కూర్చుంది. ముఖం కఠినంగా ఉంది, కళ్లలో నీళ్లున్నాయి.

"నీ అబద్దం నాను సచ్చేదాకా మరిసిపోను. అది వేరే," అంది. "ఆడు మాత్రం ఆ పూట నీకిచ్చి ఎల్లినాడు. తన నోటితో ఇచ్చినాడు. నువ్వేటి సేసినావు? ముప్పయ్యేళ్లు దాన్ని అలా కాళీగా పడీసినావు. ఇచ్చినోడి మాటకి ఇలవ లేదేటి? తొంగో."

గవరయ్య నిలబడే ఏడ్చాడు. తర్వాత, భయపడుతూనే, మంచం మీదికి వచ్చి గోడ వైపు పడుకున్నాడు. ఆమె దుప్పటి ఆయన మెడదాకా లాగి కప్పింది. తనూ పడుకుంది, ఈవలి అంచున.

పరుపు వెచ్చగా ఉంది. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత చోటు మిగిలింది. అది ఇద్దరికీ తెలుసు, ఎవరూ అటు జరగలేదు. గవరయ్య ఆ రోజు ఎనిమిదిన్నర దాకా నిద్రపోయాడు.