చేప మీద ఒట్టు

మొన్న భూపాలపల్లిలో చిన్న కొడుకు క్వార్టర్లో ఉన్నప్పుడు మనవరాలు ఫోను చూసుకుంటూ నాకొక పాఠం చెప్పింది. వయసు పైబడ్డవాళ్ళు వారానికి రెండు సార్లైనా చేప తినాలట. సముద్రపు చేప అయితే ఇంకా మేలట. గుండెకు మంచిదట, కళ్ళకు మంచిదట, ఒంట్లో కండ కరిగిపోకుండా ఆపుతుందట. పాఠంతో ఊరుకోలేదు, వాళ్ళ నాయినతో ఒక పొట్లం కూడా తెప్పించింది. విప్పి చూస్తే మంచు పట్టిన తెల్లటి ముక్కలు. తల లేదు, తోక లేదు, ముల్లు కూడా లేదు. తల తీసేసి అమ్మినవాడు ఆ తలను ఏం చేసుకున్నాడని అడిగాను. అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. చేపలో సగం రుచి తలలోనే ఉంటుంది, దాన్ని పారేసి మిగిలిన దానికి ఎక్కువ ధర పెట్టడం నాకు అర్థం కాని వ్యవహారం. అయినా ముసలితనంలో చేప ఏం చేస్తుందో నాకు ఫోను చెప్పనక్కరలేదు. మా అత్తను చూసినదాన్ని నేను. తిన్నన్నాళ్ళు ఆమె ఎలా ఉందో, మానేశాక ఎలా అయిందో, రెండూ నా కళ్ళ ముందే జరిగాయి.

మా అత్తగారి ఊరు తొర్రూరు నుంచి దంతాలపల్లి పోయే దారిలో లోపలికి ఉంటుంది. నేను రఘునాథపల్లి వైపు నుంచి ఆ ఇంటికి పెద్ద కోడలిగా వచ్చాను. మా పుట్టింటి దగ్గర చెప్పుకోదగ్గ చెరువు లేదు, చేప వండడం నాకు రాదు. అత్త ఆ సంగతి మొదటి వారంలోనే పట్టేసింది. "మీ అవ్వ నీకు చేప తోముడు నేర్పలేదా, మూడో తరగతి చదివిచ్చిందా?" అని అడిగింది. అప్పటి నుంచి ఆ మూడో తరగతి ఆమె నోట్లో నానుతూనే ఉంది. కూరలో ఉప్పు ఎక్కువైతే అదే మాట, తక్కువైతే అదే మాట. కానీ వండడం నేర్పింది. బూడిదతో రుద్ది జిగురు పోగొట్టడం, చింతపండు పులుసు మరిగాకే ముక్క వెయ్యడం, వేశాక గరిటె పెట్టకుండా కుండనే పట్టి తిప్పడం, అన్నీ ఆమె దగ్గర నేర్చుకున్నవే. పొద్దున వండిన పులుసు ఆ పూట ముట్టనిచ్చేది కాదు. మర్నాటికి ముక్క పులుసు తాగుతుంది, అప్పుడు తినాలి అనేది. తలను తనే తీసుకునేది. పళ్ళు ఊడిపోయాక కూడా తలలో ఒక్క ఎముక వదలకుండా చప్పరించి, కంచం అంచున తెల్లగా పేర్చి పెట్టేది. "మేకపోతును నేను నమలాలె, చేప గట్ల కాదు, తనంతల తనే పోతది" అనేది. ముసలివాళ్ళకు చేప ఎందుకు మంచిదో అంతకంటే తేలికగా ఎవరూ చెప్పలేరు.

మా ఊళ్ళో చేపకు ఒక పండగ రోజు ఉండేది. దాని పేరు లూటీ. కొత్తవాళ్ళు ఆ మాట విని దొంగతనం అనుకుంటారు. ఎండాకాలం చివర చెరువు అడుగంటుతుంది. చేపలు పట్టే కులంవాళ్ళు ముందు తమ వల వేసి పెద్ద చేపలు తీసుకుంటారు, అది వాళ్ళ హక్కు. వాళ్ళు అయిందన్నాక డప్పు చాటింపు వేస్తారు, రేపు చెరువు లూటీ అని. ఆ తెల్లవారి ఊరంతా బురదలోకి దిగుతుంది. కులం లేదు, ఉన్నవాడు లేనివాడు లేదు, ఎవరి చేతికి దొరికింది వాళ్ళది. చీర కొంగులు, దోమతెరలు, బుట్టలు, ఏది ఉంటే అది వల. అత్త మోకాళ్ళ దాకా చీర ఎగ్గట్టి దిగేది. కొర్రమట్ట చేప బురదలో ఎక్కడ దాక్కుంటుందో కాలి వేళ్ళతో కనిపెట్టేది. మిగిలిన వేలెడంత పరకపిల్లలను కడిగి, ఉప్పు పట్టించి, గడ్డివాము పక్కన ఎండబెట్టి, వానాకాలం అంతా చింతచిగురులోనో వంకాయలోనో వేసి గడిపేది. చిన్న చేపలు ముల్లుతో సహా నమిలేస్తారు కదా, ఆ ముల్లే ఎముకకు బలం అని తర్వాత డాక్టరు చెప్పాడు. అత్తకు ఆ సంగతి తెలియదు. ముల్లు తీసి పారేయడం నష్టమని మాత్రం తెలుసు.

డాక్టరు అన్నాను కదా, ఆయన తొర్రూరులో చిన్న దవాఖాన పెట్టుకున్న కోస్తా మనిషి. ఒక ఏడు ఊరంతా కీళ్ళు పట్టేసే జ్వరం వచ్చింది. అందరూ లేచారు, అత్త మాత్రం లేవలేకపోయింది. ఎడ్లబండి ఎక్కించి తీసుకుపోయాం. ఆయన చెయ్యి పట్టి చూసి, "మామ్మగారూ, కండ తగ్గిపోయింది. ఇలాగే వదిలేస్తే మంచం పట్టేస్తారు. చేప తినండి. మీ వయసులో తేలిగ్గా అరిగేది, ఒంటికి పట్టేది అదే" అన్నాడు. అత్త నా వైపు తిరిగి, "నేనెప్పుడు గారునైననే, ఆంధ్రోళ్ళకు అందరు గార్లేనాయె" అంది. అంత జ్వరంలో కూడా. ఆయన నవ్వి, సముద్రపు చేప దొరికితే మరీ మంచిదన్నాడు. "సముద్రం మీరు ఉంచుకున్నరు బిడ్డా, మాకు చెరువు ఉన్నది, సాల్తది" అని జవాబిచ్చింది. చెప్పినట్టే తిన్నది. ఎండు చేప, పచ్చి చేప, దొరికిందల్లా. ఆ చలికాలానికి మళ్ళీ చేనుకు నడిచి పోయింది. నడక అంటే ఆమెకు ప్రాణం. ఎవరి భుజం పట్టుకోకుండా తన వాకిలి తాను దాటడం తప్ప దేవుణ్ణి ఇంకేమీ అడిగేది కాదు.

ఆ తర్వాతే తెలంగాణ ఉద్యమం ఊరి మీదికి వచ్చింది. వచ్చింది అనడం తప్పు, ఊరే లేచింది. తొర్రూరు చౌరస్తాలో టెంటు వేశారు, పూటకో ఊరివాళ్ళు పోయి కూర్చునేవారు. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటలు చేశాం. సమ్మె రోజుల్లో బస్సు లేక నడిచి పోయి నడిచి వచ్చినం, ఎవరికీ కాళ్ళ నొప్పి గుర్తు లేదు. మా మరిది, అంటే అత్త చిన్న కొడుకు, ఆ టెంటులో మైకు పట్టుకునేవాడు. మాట కమ్మగా ఉండేది వాడిది, అది కాదనను. ఒకనాడు వాడికి ఒక ఆలోచన వచ్చింది. రాష్ట్రం వచ్చేదాకా ఒక్కొక్కరూ తమకు ఇష్టమైనది ఒకటి విడవాలన్నాడు. ఒక సారు గడ్డం గీసుకోవడం విడిచాడు. ఒక ముసలాయన చుట్ట విడిచాడు, ఆ సాయంత్రానికే మళ్ళీ అంటించాడని తర్వాత విన్నాం. మరిది తల్లిని లేపి మైకు ముందు నిలబెట్టాడు. "మా అవ్వ ఏం విడుస్తదో ఇనుండ్రి" అన్నాడు. అత్త మైకును కొర్రమట్టను పట్టినట్టు రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. "నేను చేప విడిచిన. తెలంగాణ రావాలె, మన చెరువు మనకు కావాలె. గప్పుడు మన చెరువు చేపనే తింట" అంది. చప్పట్లు మోగాయి. ఎవరో ఫోటో తీశారు. నేను మాత్రం చప్పట్లు కొట్టలేదు. మా అత్త మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు.

ఆ రాత్రి నుంచే మొదలైంది. పులుసు వాసన వస్తే వాకిట్లోకి పోయి కూర్చునేది. ఎండు చేపల కుండను తన చేత్తోనే పొరుగింటికి ఇచ్చేసింది. పప్పు పెట్టాను, పెసలు ఉడికించాను, గుడ్డు పెట్టాను. గుడ్డు ఆమెకు పడదు, కక్కుకునేది. మాంసం నమలలేదు. పాలు కొన్నాళ్ళు తాగి విసిగిపోయింది. నా పెనిమిటి, తల్లి చిక్కిపోవడం చూడలేక, ఎండు చేప పొడి చేసి పప్పులో కలిపి పెట్టమన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆమె నాలుకను మోసం చెయ్యడం అయ్యే పనే కాదు, చేసినా నేను చెయ్యను అన్నాను. మరిది వచ్చినప్పుడల్లా మాత్రం చేప వండాల్సిందే. తల్లి కళ్ళ ముందే కూర్చుని తినేవాడు. "నువ్వేం విడిచినవ్‌రా?" అని అన్న అడిగితే, "ఉద్యమం చేసేటోనికి బలం ఉండాలె గద అన్నా" అనేవాడు. అత్త మాత్రం వాడు సగం చప్పరించి పారేసిన తల వైపు ఒకసారి చూసి మొహం తిప్పుకునేది.

మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయినం. ఈసారి ఆమె రెండు పక్కలా నేనూ నా పెనిమిటీ పట్టుకుంటే నడిచింది. ఆయన కోప్పడ్డాడు. చేప ఎందుకు మానేశారని అడిగాడు. చెప్పడానికి నాకు మొహమాటం అయింది, ఆయనా ఆంధ్ర మనిషే కదా. అత్తకు మొహమాటం లేదు. "తెలంగాణ వచ్చేదాంక ఒట్టు పెట్టుకున్న" అని మొహం మీదే చెప్పింది. ఆయన చెవిలోంచి గొట్టం తీసి మెడలో వేసుకున్నాడు. తర్వాత, "అయితే అది తొందరగా వస్తే బాగుండు మామ్మగారూ, మీ మోకాళ్ళు అంతకాలం ఆగవు" అన్నాడు. అత్త ఆయన చెయ్యి తట్టి, "నువ్వు మంచోనివే బిడ్డా" అంది. నాకు ఆ ఇద్దరి మీదా కోపం లేదు. నాకు కోపం మైకు మీద.

రాష్ట్రం వచ్చింది. ఎండాకాలం చివర, చెరువు అడుగంటిన రోజుల్లోనే వచ్చింది. ఊళ్ళో టపాకాయలు కాల్చారు, రంగులు చల్లుకున్నారు. అత్త అప్పటికి గోడ పట్టుకుని వాకిలి దాకా రాగలిగేది, అంతే. నా పెనిమిటి తొర్రూరు పోయి చేప తెచ్చాడు. అత్త ముట్టి చూసి, "ఐసు చేప, ఇది ఆంధ్ర దిక్కు లారీల వచ్చింది. నేను మన చెరువు చేప అన్న" అని పక్కకు పెట్టించింది. నేనూ సరే అనుకున్నాను. కాలం దగ్గరికొచ్చింది, నాలుగు రోజులు ఆగితే లూటీ ఉంటుంది కదా. రోజూ పొద్దున్నే లేచి, "డప్పు ఇనబడ్డదా?" అని అడిగేది. లేదంటే మళ్ళీ పడుకునేది.

డప్పు మోగలేదు. ఆ ఏడు చెరువును గుత్తకు ఇచ్చారు. చేపలు పట్టే కులంవాళ్ళను సంతకాలకు పిలిచారట, వాళ్ళకు ఎంత తెలిసిందో నాకు తెలియదు. గుత్త పట్టినవాడు బయటి మనిషి, అందులో మా మరిదికి వాటా ఉంది. కట్ట మీద కాపలా పెట్టారు. లూటీ బంద్, దిగినవాళ్ళ మీద కేసు అన్నారు. అప్పటిదాకా మా ఊళ్ళో పండగ పేరుగా ఉన్న మాట ఒక్క ఎండాకాలంలో నేరం పేరైపోయింది.

ఒక పొద్దున మరిది స్వయంగా చేప పట్టుకొచ్చాడు. పెద్ద బొచ్చె, ఇంకా మొప్పలు కదులుతున్నాయి. "వదినా, మంచిగ పులుసు పెట్టు. అవ్వా, నీ ఒట్టు తీరిందే. మన చెరువు చేప" అన్నాడు. అత్త మంచం మీంచి చెయ్యి చాపి చేపను తడిమింది. వేళ్ళతో దాని తల పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేను తింటుందనే అనుకున్నాను, మసాలా నూరడానికి కూడా లేచాను.

"లూటీ అయిందారా?" అని అడిగింది.

"లూటీ లేదవ్వా ఇప్పుడు. కాంట్రాక్టు."

"ఊరోళ్ళు దిగలేదా?"

"ఎందుకు దిగుతరే. నీ కొడుకు చెరువాయె, నీకు తక్కువైతదా?"

అత్త చేప మీంచి చెయ్యి తీసి చీరకు తుడుచుకుంది. "నేను మైకుల ఏమన్నరా? మన చెరువు అన్న. నా కొడుకు చెరువు అన్ననా?" అంది.

వాడు నవ్వాడు, బతిమాలాడు, చివరికి కోపం తెచ్చుకున్నాడు. "ఒక్క మాట పట్టుకొని సస్తవా అవ్వా? దునియా ఎట్లున్నదో నీకేమెరుక" అన్నాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. "పట్టుకపో. ఎండకు కరాబైతది" అంది. అంత బాధలో కూడా చేప పాడవడం ఆమెకు ఇష్టం లేదు. ఆ మనిషి దగ్గర నేర్చుకున్నదాన్ని, పారేయలేక చేపను మళ్ళీ వాడి చేతికే ఇచ్చాను. వాడే తీసుకుపోయాడు. ఆ తర్వాత మళ్ళీ తేలేదు, నెలల తరబడి ఇంటికి కూడా రాలేదు.

అత్త మళ్ళీ గోడ పట్టుకుని కూడా లేవలేదు. మంచం మీదే తినడం, మంచం మీదే అన్నీ. ఎవరి చెయ్యీ పట్టుకోని మనిషిని నేను పసిపిల్లలా ఎత్తి పక్క మార్చాల్సి వచ్చింది. ఎత్తితే గంపలో పత్తి ఎత్తినట్టుండేది. డాక్టరు ముందే చెప్పినట్టు కండ అంతా పోయింది, కళ్ళు మసకబారాయి. తర్వాతి ఎండాకాలం రాకముందే పోయింది.

మా దిక్కు చనిపోయిన మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా కూర్చుంటారు. కాకి ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని లెక్క. నేను అన్నం, పప్పు, వంకాయ కూర, గారెలు పెట్టాను. కాకులు చెట్టు మీదే ఉన్నాయి, ఒక్కటీ దిగలేదు. ఎండ ఎక్కింది. చుట్టాలు గుసగుసలాడడం మొదలుపెట్టారు. మరిది ఒక సంచీలోంచి చేప కూర గిన్నె తీశాడు. వాళ్ళింట్లో వండించి తెచ్చినట్టున్నాడు.

"జర ఇది పెట్టు వదినా. అవ్వ పానం దీని మీదనే ఉన్నది" అన్నాడు.

"బతికున్నప్పుడు తిననిది సచ్చినంక తినిపిస్తవా? తియ్యి" అన్నాను.

అందరూ నన్ను చూశారు. పెద్ద కోడలికి గుండె రాయి అని ఎవరో అననే అన్నారు, నాకు వినబడేటట్టే. నేను ఆకు దగ్గర నుంచి కదల్లేదు. గిన్నె వాడి చేతిలోనే ఉండిపోయింది. పొద్దు వంగాక ఒక కాకి దిగి, గారె ముక్క ఒకటి ముక్కున కరుచుకుని పోయింది. తీరింది, తీరింది అంటూ అందరూ బట్టలు దులుపుకుని లేచారు. నేను ఇంకాసేపు అక్కడే కూర్చున్నాను. అత్త ఎదురుచూసిన కాలం వచ్చి వెళ్ళిపోయిందో, ఇంకా రావలసే ఉందో, ఆనాడూ నాకు తెలియలేదు, ఇన్నేళ్ళ తర్వాతా తెలియదు.